మూడు లక్షల కిలోమీటర్ల ఉద్యోగి

మా కారు ఉద్యోగంలో చేరిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే దానికి సర్వీసు రిజిస్టరు తెరిచి, ఫొటో అతికించి, సీనియారిటీ జాబితాలో ఒక అంకె ఇచ్చేశారు. ఆ జాబితా ప్రకారం అది నాకంటే నలుగురి కింద, మా అటెండరు కంటే ఇద్దరి పైన ఉంది. అటెండరు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నా పేరు చెన్నకేశవులు. చిత్తడినేలల అభివృద్ధి మండలిలో సీనియర్ అసిస్టెంటును. మాలాంటి కరువు జిల్లాలో ఈ మండలి ఆఫీసు ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. చిత్తడి ఉన్నచోట అభివృద్ధి చేయడానికి ఏముంది, లేనిచోటే కదా మా అవసరం అని మేం జవాబిస్తాం. ముప్పై ఏళ్లుగా జిల్లా అంతా తిరిగి చిత్తడినేల కోసం వెతుకుతున్నాం. మండలి జీపు ఆ వెతుకులాటలోనే అరిగిపోయింది. తరవాత సిబ్బంది సొంత కార్లలో తనిఖీలకు తిరగడం ఆనవాయితీ అయింది. అందరికంటే ఎక్కువ తిరిగింది మా కారు. వెండి రంగుది, చిన్నది, రెండు వేల ఎనిమిది మోడలు. మీటరు మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు చూపిస్తుంది. అంత తిరిగినా దాని చక్రానికి ఏనాడూ తడి అంటలేదు.

అలా ఉండగా మా డైరెక్టరు సదాశివమూర్తి గారు ఒక కొండ ఊళ్లో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. 'ప్రతి వనరూ మనిషే' అన్నది ఆ శిక్షణలో చెప్పిన విషయం. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చాక కుర్చీ జరపడానికి ముందు దానితో 'క్షమించాలి' అనడం మొదలుపెట్టారు. నాలుగో రోజున సర్క్యులరు వచ్చింది.

"మండలి విధి నిర్వహణలో భాగముగా కనీసము ఒక్క పర్యాయము చలించిన ప్రతి వాహనమూ మండలి సిబ్బందిగా పరిగణింపబడును. సదరు వాహనమునకు సిబ్బందికి వర్తించు సమస్త నియమములూ, ఎట్టి మినహాయింపూ లేక, వర్తించును."

దాన్ని అమలు చేసే బాధ్యత మా సూపరింటెండెంటు కుళ్లాయప్ప గారి మీద పడింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ దరఖాస్తులోనూ ఒక్క గడి కూడా ఖాళీగా వదలని మనిషి ఆయన. కారు సర్వీసు రిజిస్టరు ముందేసుకుని, మిగిలిన గడులు నింపడానికి నన్ను పిలిచారు. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు రాశారు. విద్యార్హతల దగ్గర డీజిల్ అని రాశారు. వేలిముద్ర కోసం అటెండరు చేత ముందు చక్రానికి సిరా పూయించి, కాగితం మీదుగా బండిని ఒక అడుగు నడిపించారు. ముద్ర చాలా స్పష్టంగా పడింది.

"కేశవులూ, పుట్టుమచ్చలు రెండు చెప్పల్లప్పా," అన్నారు.

ఎడమ తలుపు మీద ఒక్క సొట్ట ఉందన్నాను.

"ఒకటి రాస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. ఇంగొకటి చూడు."

ఇద్దరం కారు చుట్టూ రెండుసార్లు తిరిగాం. ఇంకొకటి కనబడలేదు. ఆయన దిగులుగా లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేసరికి వెనక బంపరు మీద రెండో సొట్ట ఉంది. ఎవరు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్లు ఇదంతా తమాషాగానే గడిచింది. కారు మార్చాల్సి వచ్చినప్పుడే అసలు కథ మొదలైంది.

మా అమ్మాయి వర్షిణికి చిన్నప్పటి నుంచి నడుం కింద బలం లేదు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. లెక్కల్లో దానికున్న తెలివి మా ఇంటావంటా ఎవరికీ లేదు. మా ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టలు గదులు మేడ మీద, లిఫ్టు లేదు. కనుక రోజూ ఇంటి నుంచే వెళ్లి రావాలి. నా భార్య ప్రమీల ఆ దారిలోనే ఒక స్కూల్లో టీచరు, కారు బాగా నడుపుతుంది. పొద్దున దింపి, సాయంత్రం తీసుకొస్తానంది. అంతా బాగానే ఉంది గానీ కారు బాగాలేదు. చక్రాల కుర్చీ దాని డిక్కీలో పట్టదు, పైన క్యారియరుకు తాళ్లతో కట్టాలి. ఆ నెలలోనే మూడుసార్లు దారిలో నిలిచిపోయింది. ఆగస్టు ఇరవైలోగా కాలేజీలో చేరి హాజరు వేయించుకోకపోతే సీటు రద్దని కాగితంలో ఉంది. కాబట్టి పాత కారు తీసేసి, కాస్త పెద్ద బండి, వాడినదైనా సరే, ఒక ఎస్‌యూవీ కొందామని ముగ్గురం అనుకున్నాం.

హైవే పక్కన రేకుల షెడ్డులో సెకండ్ హ్యాండు బండ్లు అమ్మే బాబ్జాన్ మాకు పాత పరిచయం. ఆదివారం పొద్దున వెళ్లాం. వర్షిణి టేపు తెచ్చుకుంది.

"నన్ను ఎవురూ ఎత్తకూడదు నాన్నా. కుర్చీలోంచి సీట్లోకి నేనే ఎక్కల్ల. అదొక్కటే నా కండిషను," అని ముందే చెప్పింది.

బాబ్జాన్ మొదట ఒక తెల్ల బండి చూపించాడు.

"డాక్టరు గారి బండి సార్. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప యాడికీ పోలేదు."

ప్రమీల వెనక మ్యాటు ఎత్తింది. కింద ఎర్రమన్ను, దోసెడు వేరుశనగ కాయలు ఉన్నాయి.

"డాక్టరు గారు సేద్యం గూడా చేస్తారేమో," అంది.

"ఈ కాలంలో ఒక్క పనితో ఎవురికి జరుగుతాది మేడం," అన్నాడు బాబ్జాన్, ఏమాత్రం తొణక్కుండా.

రెండోది నల్లది, పైకప్పులో అద్దమున్నది. నాకు చూడగానే నచ్చింది. పైకప్పు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. వర్షిణి టేపు పెట్టి కొలిచి, సీటు తన కుర్చీ కంటే జానెడున్నర ఎత్తులో ఉందని చెప్పింది. "ఆకాశం చూసేదానికి ముందు లోపలికి ఎక్కల్ల గదా నాన్నా," అంది. నేను పైకప్పు మూసేశాను.

మూడోది షెడ్డు వెనక దుమ్ము పట్టి ఉంది. బూడిద రంగు. ఏడు సీట్లు, ఎనభై నాలుగు వేల కిలోమీటర్లు. రంగు బాగాలేదని ఎవరూ అడగలేదట. బ్యాటరీ కూడా దిగిపోయింది. బాబ్జాన్ మా కారును పక్కకు తెమ్మని, రెండింటి బ్యాటరీలకూ వైర్లు కలిపాడు. మా కారు శక్తినంతా కూడగట్టుకుని గర్జించింది. బూడిద బండి రెండుసార్లు దగ్గి స్టార్టయింది. వెనక వరస సీట్లు మడిచేస్తే చక్రాల కుర్చీ మడవకుండానే పట్టింది. సీటు ఎత్తు కుర్చీ కంటే రెండంగుళాలే ఎక్కువ, పైన పట్టుకోవడానికి గట్టి పిడి ఉంది. వర్షిణి ఒక చెయ్యి పిడి మీద, ఇంకో చెయ్యి సీటు మీద పెట్టి ఒక్క ఊపులో లోపలికి వెళ్లి కూర్చుంది. పదిహేడేళ్లలో తను మా చేతుల మీదుగా కాకుండా బండెక్కడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ప్రమీల ముక్కు తుడుచుకుంటూ మ్యాటు ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు.

"పదహైదు దినాలు ఎవురికీ ఇయ్యను సార్, మీదే," అన్నాడు బాబ్జాన్.

మర్నాడు ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. మండలి అనుమతి లేకుండా ఉద్యోగి బండి కొన్నా అమ్మినా శాఖాపరమైన చర్య ఉంటుంది. కుళ్లాయప్ప గారు దరఖాస్తు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"అమ్మడమా? సిబ్బందిని అమ్ముతారా ఎవురైనా? రిటైరు చేయల్ల. ఖాళీ ఏర్పడల్ల. ఆ ఖాళీలో ఇంగొకర్ని తీసుకోవల్ల," అన్నారు.

"చేసేయండి సార్."

"రిటైర్మెంటు అరవై రెండేండ్లకు. దీనికి పదహారు. ఇంగా నలభై ఆరేండ్ల సర్వీసు ఉండాది. నువ్వుండవు గానీ అది ఉంటాది."

చెప్పాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. పదహారేళ్లంటే మైనరు. మండలి రెండేళ్లుగా ఒక మైనరు చేత ఎండలో పని చేయిస్తోంది. ఆయన అటూ ఇటూ చూసి, పుట్టిన తేదీ గడి మీద ఒక సిరా చుక్క ఒలకబోసి, రిజిస్టరు మూసేశారు. ఆ విషయం మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

స్వచ్ఛంద పదవీ విరమణ కుదురుతుందా అని అడిగాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి, దీనికి రెండే. ఇక మిగిలింది ఆరోగ్య కారణాలు. అందుకు మండలి డాక్టరు పరీక్షించి, ఉద్యోగానికి పనికిరాదని రాసివ్వాలి.

మండలి డాక్టరు పరమేశ్వరప్ప గారు మనుషుల డాక్టరు. ఆ సంగతి ఆయన కూడా చెప్పారు. అయితే సర్క్యులరులో 'ఎట్టి మినహాయింపూ లేక' అని ఉంది కాబట్టి వచ్చి పరీక్షించారు. నోరు తెరవమంటే బానెట్ ఎత్తాను. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గాలి చూసే మీటరుతో నాలుగు చక్రాలూ చూసి, నాలుగు కాళ్లలోనూ ప్రసరణ సమానంగా ఉందన్నారు.

"పొగ తాగే అలవాటుందా?"

"తాగదు సార్. వదుల్తుంది."

"అదీ మంచిది కాదు," అంటూ రాసుకున్నారు. చివరికి ఇచ్చిన కాగితం ఇది: "దీర్ఘకాలిక దగ్గు కలదు. వయసుకు మించిన అరుగుదల కలదు. అయినను ఉద్యోగమునకు అనర్హురాలు కాదు. దూర ప్రయాణములు నిషిద్ధము. తేలికపాటి విధులు అప్పగించవచ్చును."

తేలికపాటి విధులంటే ఏమిటని కుళ్లాయప్ప గారు డైరెక్టరు గారిని అడిగారు. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆఫీసు ముందు నిలబడి ఉండటమని ఆయన నిర్ణయించారు. ఆ మర్నాటి నుంచి నేను కారును తెచ్చి పెట్టి, దాని తరఫున హాజరు పట్టీలో పొట్టి సంతకం చేయడం మొదలైంది. ఇదివరకు కాలేజీకి వెళ్లలేని కారు ఉండేది. ఇప్పుడు ఆ కారు కూడా లేదు. ఆగస్టు పది దాటింది.

నా మొహం చూసి కుళ్లాయప్ప గారికి జాలేసినట్టుంది. ఆయన చెడ్డ మనిషి కాదు. రిజిస్టర్లు లేని చోట చాలా మంచివారు.

"తేలికపాటి విధుల్లో ఉన్నోళ్లకు సహాయకుల్ని తీసుకోవచ్చప్పా. ఇంటర్వ్యూ పెట్టల్ల. నీ కొత్త బండిని తోలుకోని రా," అన్నారు.

ఇంటర్వ్యూ ఆఫీసు ఆవరణలోనే జరిగింది. బల్ల వేసి, గుడ్డ పరిచి, నీళ్ల గ్లాసులు పెట్టారు. డైరెక్టరు గారు మధ్యలో, కుళ్లాయప్ప గారు కుడి పక్క, డాక్టరు గారు ఎడమ పక్క కూర్చున్నారు. ఎదురుగా బూడిద బండి నిలబడింది. బాబ్జాన్ దాన్ని కడిగి, అద్దాలు తుడిచి, నిమ్మకాయ కట్టి తీసుకొచ్చాడు. అభ్యర్థి తరఫున జవాబులు చెప్పే అనుమతి అతనికి ఇచ్చారు.

"మా సంస్థలోనే చేరవలెనని ఎందుకు భావించుచున్నారు?" అని డైరెక్టరు గారు బండి వైపు చూస్తూ అడిగారు.

"ఇరవై దినాలుగా షెడ్డులో ఖాళీగా ఉండాది సార్. ఏ పనైనా చేస్తాది," అన్నాడు బాబ్జాన్.

"పూర్వపు యాజమాన్యమును ఎందుకు వీడితిరి?"

"ముందు ఓనరు ఆయప్ప బెంగుళూరికి పోయినాడు సార్. ఆడ నిలిపేదానికి జాగా లేదంట."

"మీ బలహీనత ఏమిటి?"

బాబ్జాన్ నా వైపు చూశాడు. పాతికేళ్ల వ్యాపారంలో అతన్ని ఆ ప్రశ్నకు నిజం చెప్పమన్న వాళ్లెవరూ లేరు. "రంగు సార్," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

డైరెక్టరు గారు మెచ్చుకోలుగా తల ఊపారు. ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు కుళ్లాయప్ప గారు అర్హతల కాగితం ముందుకు జరిపారు.

"మంజూరైన పోస్టు ఐదు సీట్లది. అభ్యర్థికి ఏడు సీట్లు కలవు," అని డైరెక్టరు గారు ప్రకటించారు. "అనగా పోస్టుకు మించిన అర్హతలు. అట్టివారు పనిలో తృప్తి పొందజాలరు. రేపు మరొక సంస్థకు వెళ్లిపోవుదురు. నిరుద్యోగులైన ఐదు సీట్ల వాహనములకు అన్యాయము చేసినవారమగుదుము."

"రెండు సీట్లు ఊడబెరికేస్తా సార్, ఐదు నిమిషాల పని," అన్నాడు బాబ్జాన్, స్పానరు కోసం జేబు తడుముకుంటూ.

"అర్హతలను దాచుట నేరము," అన్నారు డైరెక్టరు గారు. అభ్యర్థిని తిరస్కరించారు. వెళ్లేటప్పుడు ఆయన దాని బానెట్ తట్టి, నిరుత్సాహపడవద్దని చెప్పారు.

ఆ రోజు ఇంటికెళ్లి నేను ఒక తెలివితక్కువ మాట అన్నాను. ఈ ఏడాదికి ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదివితే ఏమవుతుంది అన్నాను. వర్షిణి కుర్చీని నా వైపు తిప్పింది.

"నేను పుట్టినప్పట్నుంచీ దూరవిద్యలోనే ఉండా నాన్నా," అంది. "స్కూల్లో ఆటలు దూరంనుంచి చూసినా. పిల్లోల్లు ఎక్స్‌కర్షన్ పోతే ఫొటోలు చూసినా. ఇంగ చాలు."

ప్రమీల నన్ను చూసిన చూపుకు నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. తప్పు నాదే. ఆఫీసులో పాతికేళ్లు ఉంటే ఎవరైనా ఏదైనా అడగ్గానే 'వచ్చే ఏడాది చూద్దాం' అనే మాట నోటికి దానంతటదే వస్తుంది. అది నా కూతురి మీద కూడా వాడతానని నేను అనుకోలేదు.

కాసేపటికి వర్షిణి నా సంచీలోంచి మండలి నియమావళి తీసుకుంది. నాలుగు వందల పేజీల పుస్తకం. పాతికేళ్లలో మేం ఎవరం మొదటి పేజీ నుంచి చదవలేదు. తను లెక్కల పుస్తకం చదివినట్టు పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. మర్నాడు కాఫీల వేళ అడిగింది:

"నాన్నా, సర్వీసులో ఉండగానే చచ్చిపోతే?"

"ఎవరు?"

"కారు."

కారుణ్య నియామకం అధ్యాయం తెరిచి నా ముందు పెట్టింది. ఉద్యోగి విధి నిర్వహణలో ఉండగా చనిపోతే, అతని మీద ఆధారపడినవారికి వెంటనే ఉద్యోగం ఇవ్వాలి. వయసు, అర్హతల నిబంధనలన్నీ సడలించాలి.

కుళ్లాయప్ప గారిని మాటవరసకు అడిగినట్టు అడిగాను.

"పోతే ఒక్క దినంలో చేస్తాం," అన్నారాయన కళ్లద్దాలు తీసి. "బతికున్నోళ్ల పని ఆలస్యమైతాది గానీ, సావు కాడ ఆలస్యం చేసేంత దుర్మార్గులమా?"

అప్పటి నుంచి నా పరిస్థితి చెప్పుకోలేనిది. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు మమ్మల్ని మోసిన బండి. వర్షిణిని నెలల పిల్లప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిప్పింది అదే. దాని చావు కోసం ఎదురుచూడటం నాకు మనసొప్పలేదు. ఎదురుచూడకుండా ఉండటానికీ వీల్లేదు. పొద్దున్నే తాళం తిప్పుతూ అది స్టార్టు కాకూడదని కోరుకునేవాణ్ణి, స్టార్టయితే సిగ్గుపడేవాణ్ణి. తేలికపాటి విధుల వల్ల దాని ఆరోగ్యం కుదుటపడుతోందేమో, అది రోజూ చక్కగా స్టార్టయ్యేది.

పంతొమ్మిదో తేదీ పొద్దున, పదికి మూడు నిమిషాలుండగా, ఆఫీసు గేటు దగ్గరి స్పీడు బ్రేకరు ఎక్కుతూ అది పెద్దగా ఒక శబ్దం చేసింది. నల్లటి పొగ వదిలింది. తరవాత కదల్లేదు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను పగిలి, నూనె కారుతోంది. నేను స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. నిజంగానే బాధేసింది.

సిబ్బంది అంతా గేటు దగ్గరకు వచ్చారు. అటెండరు కూడా వచ్చి టోపీ తీశాడు. కుళ్లాయప్ప గారు ముందు గడియారం చూశారు, తరవాత చక్రాలు చూశారు. ముందు చక్రాలు రెండూ గేటు లోపల ఉన్నాయి. వెనక చక్రాలు రెండూ రోడ్డు మీద ఉన్నాయి.

"ఇబ్బందే," అన్నారు. "లోపల పోయుంటే విధి నిర్వహణ. బయట పోయుంటే దారిలో పోయినట్టు. సగం సగం పోతే రూల్లేదు."

చివరికి డాక్టరు పరమేశ్వరప్ప గారు వచ్చి, గుండె ఏ పక్క ఉంటే ఉద్యోగి ఆ పక్క మరణించినట్టని వైద్యశాస్త్రం చెబుతోందన్నారు. ఇంజను గేటుకు లోపల ఉంది. కుళ్లాయప్ప గారు సంతృప్తిగా 'విధి నిర్వహణలో' అని రాసుకున్నారు. డాక్టరు గారు బానెట్ మీదే కాగితం పెట్టి మరణ ధ్రువపత్రం ఇచ్చారు.

ఉద్యోగి మరణిస్తే ఆ రోజు సగం పూట సెలవు. దాంతో సిబ్బందికి కారు మీద ఉన్నట్టుండి విపరీతమైన అభిమానం పుట్టింది. పదకొండింటికి సంతాప సభ పెట్టారు. బానెట్ మీద పూలదండ వేశారు. నన్ను దగ్గరివాడిగా ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇద్దరు ముగ్గురు వచ్చి నా భుజం తట్టారు. డైరెక్టరు గారు గద్గద స్వరంతో మాట్లాడారు.

"ఆమె ఏనాడూ వేతన సవరణ కోరలేదు. బదిలీ కొరకు ఎవరినీ ఆశ్రయించలేదు. చిత్తడినేల దర్శన భాగ్యము కలుగకనే, దానిని వెదకుచునే, మన గుమ్మములో కన్నుమూసినది. ఇట్టి అంకితభావము మనలో ఎందరికి కలదు?"

రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఒకటిన్నర నిమిషానికే కొందరు భోజనం క్యారేజీలు సర్దుకోవడం వినిపించింది.

సభ అయ్యాక కుళ్లాయప్ప గారు రిజిస్టరు తెరిచారు. నేను బాబ్జాన్‌కు కబురు పెట్టడంతో అతను బూడిద బండితో సహా వచ్చాడు.

"ఈ అభ్యర్థి చనిపోయినోళ్ల మీద ఆధారపడి ఉండిందా? రుజువుండాదా?" అని కుళ్లాయప్ప గారు అడిగారు.

అక్కడే అంతా పోయిందనుకున్నాను. బాబ్జాన్ మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎంత మాట సార్. దీని ప్రాణం పోయుండె. ఆ యమ్మే వైర్లలో కరెంటిచ్చి లేపింది. నా కండ్లారా చూసినా. ఆ పొద్దు ఆ యమ్మ లేకుంటే ఇది ఈ పొద్దు లేదు."

డైరెక్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. 'జీవనాధారము కల్పించినట్లు ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలము' అని కుళ్లాయప్ప గారు రాసుకున్నారు. అర్హతలు ఎక్కువైన విషయం ఆయనే గుర్తు చేస్తే, డైరెక్టరు గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"దుఃఖములో ఉన్న కుటుంబము ముందు సీట్లు లెక్కింతుమా? మానవతా దృక్పథముతో చూడవలెను."

రెండు గంటలకల్లా ఉత్తర్వు నా చేతికొచ్చింది. తేలికపాటి విధులు పాత కారుతోనే పోయాయి, కొత్తది తనిఖీ ఉన్న రోజున వస్తే చాలు. పద్నాలుగు రోజులుగా ఒక పిల్ల చదువు కోసం కదలని కాగితం, ఒక ఇంజను పగిలినందుకు నాలుగు గంటల్లో కదిలింది. నేను అందరికీ నమస్కారాలు పెట్టాను. కోపం మాత్రం ఇంటికి తీసుకెళ్లాను.

ఇరవయ్యో తేదీ పొద్దున బూడిద బండిలో ముగ్గురం కాలేజీకి వెళ్లాం. ప్రమీల నడిపింది. వర్షిణి తనే ఎక్కింది, అక్కడ తనే దిగింది. పదకొండింటికి ఆఫీసు మూస్తారు, ఆలోపు హాజరు వేయించుకోవాలి. ఎదురుగా పదమూడు మెట్లున్నాయి. వాలుదారి ఒకటి కట్టించమని సీటొచ్చిన రోజే కాలేజీకి అర్జీ పెట్టుకున్నాం. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది.

మెట్ల పక్కన నున్నటి వాలుదారి ఒకటి ఉండనే ఉంది. ప్రిన్సిపాలు గారి కారు పోర్టికోలోకి ఎక్కడానికి కట్టింది. కారు పైన నిలిపి ఉంది. ఇంకో కారు పట్టదు గానీ పక్కనుంచి కుర్చీ వెళ్లేంత సందుంది. కింద వాచ్‌మన్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. 'వాహనములకు మాత్రమే. పాదచారులకు ప్రవేశము లేదు' అని అతని తల మీద బోర్డు ఉంది.

"ఈ దావన మనుషులు పోకూడదు పాపా. మెట్లెక్కల్ల," అన్నాడు.

నేను వాదనకు దిగబోయాను. పాతికేళ్లుగా నేర్చుకున్న వినయమైన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వర్షిణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బండ్లు పోవచ్చు గదన్నా?"

"బండ్లు పోవచ్చు."

"ఇదీ బండే. నాలుగు చక్రాలుండాయి చూడు."

వాచ్‌మన్ వంగి చూశాడు. రెండు పెద్దవి, రెండు చిన్నవి. వేలు పెట్టి లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. బోర్డు వైపు చూశాడు, మళ్లీ చక్రాల వైపు చూశాడు.

"బండయితే పుస్తకంలో రాయల్ల," అన్నాడు.

"రాయన్నా."

అతను స్టూలు కింద నుంచి రిజిస్టరు తీసి, పెన్ను విదిలించాడు.

"మోడలు?"

"రెండు వేల ఏడు."

"సీట్లు?"

"ఒకటి."

"పెట్రోలా, డీజిలా?"

వర్షిణి రెండు అరచేతులూ చూపించింది. చక్రాలు తిప్పీ తిప్పీ కాయలు కాసిన చేతులు. అతను కాసేపు చూసి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

"ఓనరు పేరు?"

నేను అలవాటు ప్రకారం నా పేరు చెప్పబోయాను. నాకంటే ముందే తను "వర్షిణి" అని చెప్పి, అతను రాయడం పూర్తి కాకముందే వాలుదారి ఎక్కడం మొదలుపెట్టింది.